నూటికి పది, దేంట్లో?

మంగళవారం పొద్దున పదిన్నరకు నేనూ నా కొడుకూ చిత్తూరులో లారీ ఆఫీసుకు వెళ్లాము. పద్నాలుగు నెలలుగా వాడు అక్కడే డ్రైవరు. మామిడి గుజ్జు డబ్బాలను నెలకు ఎనిమిది ట్రిప్పులు చెన్నై హార్బరుకు తోలేవాడు. బాడుగలో నూటికి పది వాడికని మాట. ట్రిప్పుకు పన్నెండు వందలు చేతికి వచ్చేవి కాబట్టి బాడుగ పన్నెండు వేలని నేనే లెక్క కట్టుకున్నాను. ఇంటి అప్పుకు బ్యాంకువాళ్లు జీతం చీటీ తెమ్మనడంతో మొదటిసారి కాగితం అడిగాము.

గుమాస్తా రాసిచ్చిన చీటీలో బాడుగ ఇరవై వేలని ఉంది. రెండుసార్లు చదివాను. 

"ఇరవై వేలకు పదో వంతు రెండు వేలు గదా నాయనా?" అని ఓనరును అడిగాను.

"కమీషనూ, కూలీ, హార్బరు ఖర్చూ పోంగా మిగిలిందాంట్లో పదే అమ్మా. దేంట్లో పదని మీవాడు అడగనే లేదే!" అని ఆయన నవ్వాడు.

"డబ్బాలెత్తేదానికి నేనూ చెయ్యేసినానే, నా కూలి యాడ సార్?" అన్నాడు నా కొడుకు.

ఓనరు నవ్వు ఆగిపోయింది. నా చేతిలోని చీటీ లాక్కుని చింపేశాడు. "ఇష్టం లేకుంటే తాళాలు ఆడ పెట్టి పోప్పా" అన్నాడు. నా కొడుకు తాళాలు బల్ల మీద పెట్టాడు.

పోయినవి ఇవి: నూట పన్నెండు ట్రిప్పులకు ఎనిమిదేసి వందల చొప్పున ఎనభై తొమ్మిది వేల ఆరు వందలు, వాడి పని, చీటీ లేనందున ఇంటి అప్పు.