కంచె పక్క దుంప, రెండు పుస్తకాలు

శ్రీకూర్మం దగ్గరి మా పొలానికి ఈ ఉదయం మా మనవరాలితో కలిసి ఆమె కాలేజీ మాస్టారు వచ్చారు. అడవి పూల మొక్కలను గుర్తుపట్టడానికి లైబ్రరీకి ఒకే ఒక పుస్తకం కొంటారట. ఏది మేలో చూసుకోవడానికి రెండు తెచ్చారు. ఒకదాని నిండా రంగుల ఫొటోలు, రెండోదాంట్లో సిరాతో గీసిన బొమ్మలు.

నేను కంచె పక్కన ఒక దుంప తవ్వి ఆయన ముందు పెట్టాను. రంగుల పుస్తకం మొత్తం తిప్పారు, దొరకలేదు. అందులో అన్నీ పువ్వులే. అక్షరం ముక్క రాని నేను రెండోదాంట్లో దుంప బొమ్మ చూసి వేలు పెట్టాను. అడవినాభి, తింటే ప్రాణం తీసే విషం.

"పువ్వు లేకుండా ఎవరు గుర్తుపడతారు మామ్మా? పైగా దీంట్లో రంగుల్లేవు" అన్నారు.

"పోయినేడు నా కోడలు సిలగడదుంపనుకోని పొయ్యి మీదెట్టింది దుంపనే బాబూ, పువ్వుని కాదు. నాను కుండ పారబొయ్యకపోతే నీ కాడ సదువుకునే ఈ పిల్ల ఉండునా?"

మాస్టారు మాత్రం, రంగులదైతే బీరువాలో అందంగా ఉంటుందన్నారు.

బీరువా దుంపలు వండుకోదు. మీరైతే ఏది కొంటారో రాయండి. నేను చెబితే ఇది రాసిందీ, కామెంట్లు నాకు చదివి వినిపించేదీ ఆ పిల్లే.