మోచేతి మడతలో దాచింది

ముప్పై ఏళ్లకు దగ్గరైంది. ఒక అబద్ధాన్ని రవికె చేతుల కింద దాచుకుని తిరుగుతున్నాను. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు.

నా రవికె చేతులు మోచేతులు దాటి ఉంటాయి. బెజవాడ రోహిణీ కార్తె ఎండల్లోనూ అంతే. "చలికాలం నీ గదిలోనే కాపురముంటుందా నానమ్మా?" అని మనవరాలు నవ్వుతుంది. పెద్దావిడకు పద్ధతెక్కువ అంటారు ఇరుగుపొరుగు. పద్ధతి కాదు, భయం. నా మోచేతి మడతల్లో చిన్నప్పటి నుంచీ నల్లగా, మందంగా మచ్చలున్నాయి. చెమట పడితే దురద. గోకితే రసి. పెళ్లినాడు మా అమ్మ చెవిలో చెప్పింది: "అత్తారింట్లో చేతులు పైకి మడవకే. గజ్జిదాన్ని అంటగట్టామంటారు." మా ఆయనకు తెలుసు. ఆయనా నోరు విప్పకుండానే పోయారు.

మనవరాలికి నెలల పిల్లగా బుగ్గలు ఎర్రబడి పొట్టు రేగాయి. నడక వచ్చేసరికి మోచేతి మడతలకు పాకింది. చూడగానే పోల్చుకున్నాను. నాదే. అయినా నోట వచ్చింది వేరే మాట. పాలిచ్చే కోడలు వంకాయ తిన్నదన్నాను, రొయ్యలు తిన్నదన్నాను.

బెంజ్ సర్కిల్ దగ్గర పిల్లల డాక్టరుకు చూపించాం.

"ఇది ఎగ్జిమా అండి. అంటుకోదు. చర్మం తడి నిలుపుకోలేదు. చెమట, దుమ్ము, ఘాటు సబ్బు తగిలినా, గట్టిగా రుద్దినా రేగుతుంది. తల్లి తిండి మానక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలా ఉండేదా?"

"మా వైపు ఎవరికీ లేదండీ. ఆ అమ్మాయి పుట్టింటివాళ్లనే అడగండి" అన్నాను.

కోడలు తల దించుకుంది.

పిల్ల పాలు మానేదాకా ఆమెకు చారన్నమే పెట్టాను. పూతమందు దండగన్నాను. డాక్టరు వద్దన్నా సున్నిపిండితోనే రుద్దాను. పిల్ల కెవ్వున ఏడ్చేది. ఆ మంట ఎలా ఉంటుందో నాకు తెలియదా? తెలిసే రుద్దానా? మచ్చ మాసిపోతే ఇక ఎవరూ ఏమీ అడగరని, నా చేతి మీది భయాన్నంతా పసిదాని ఒంటి మీద అరగదీశానా?

ఇప్పుడు ఆ మనవరాలు కడుపుతో ఉంది, ఏడో నెల. పురిటికి వచ్చింది. కోడలు దానికి గుడ్లు, చేపలు, వంకాయ అన్నీ మాన్పించింది. పిల్ల పాలిపోయింది. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. కడుపులో బిడ్డ ఏమవుతుందోనని కోడలి దగ్గరకు వెళ్లాను. ఏదైనా పెట్టవే అన్నాను.

"నా వల్ల దీనికొచ్చింది చాలు అత్తయ్యా. దీని బిడ్డకూ రానిస్తానా? మీరు నేర్పిన పథ్యమేగా!"

అందులో వెటకారం లేదు. నమ్మి అంది. అదే నన్ను చంపింది.

ఇందాక ఇది రాస్తూ రవికె చేయి పైకి మడిచాను. మజ్జిగ తెచ్చిన కోడలు చూసి నిలబడిపోయింది.

"ఇదేంటి అత్తయ్యా?"

"నా చిన్నప్పటిది. ఆ డాక్టరు అడిగిన నాడు కూడా ఉంది. నీది కాదే, నాది. పిల్లకు తిండి పెట్టు."

గ్లాసు కింద పెట్టింది. కాసేపటికి వంటింట్లో గుడ్లు ఉడుకుతూ గిన్నెకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె మాత్రం మళ్లీ ఈ గదిలోకి రాలేదు.

రవికె చేయి ఇంకా దించలేదు. మడతలో గాలి తగులుతోంది.