డ్రైవరన్న పారబోసిన నీళ్లు

మా డ్రైవరన్న పోయాడని రాప్తాడు నుంచి ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పింది. నేను వదినా అని పిలిచే మనిషి. "మీ అన్న పొద్దున్నే పోయినాడప్పా. టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే" అంది. నేనేం మాట్లాడానో గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక, కూర్చున్న కుర్చీ అటూ ఇటూ ఊగుతున్నట్టనిపించి బల్ల పట్టుకున్నాను. పదేళ్లుగా నాకు అప్పుడప్పుడూ అలా అవుతూనే ఉంది. ఎందుకో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

తొంభైల చివర, వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లలో, భూమిలో నీళ్లెక్కడున్నాయో వెతికే ఒక సర్వే బృందంలో నేను అసిస్టెంటుని. మా పై ఆఫీసరు, మేం సారు అనేవాళ్లం, వేరే జీపులో వచ్చేవాడు. ఊరూరా మకాం. పడుకోవడానికీ, వండుకోవడానికీ, పరికరాలు పెట్టుకోవడానికీ రెండు చక్రాల మీద ఒక రేకుల గది ఉండేది. ట్రెయిలర్ అనేవాళ్లం. దాన్ని పికప్ వెనక కొక్కేనికి తగిలించి డ్రైవరన్న జిల్లా అంతా లాక్కుతిరిగేవాడు. ఆయనది దినకూలీ. నాది అప్పుడే పర్మనెంటు కాబోతున్న ఉద్యోగం.

బయల్దేరే ముందు టైర్లను కాలితో తన్ని చూసేవాడు. కొక్కెం మీద ఎక్కి ఊగేవాడు. గొలుసు లాగేవాడు. పది కిలోమీటర్లు పోయాక ఆపి మళ్లీ అదే పని. "ఏమన్నా, దానికి దిష్టి తీస్తాండావా?" అని ఏడిపిస్తే నవ్వేవాడు కాదు. "నీకేమప్పా, పక్కన కూసోని నిద్రపోతావు. నాకు ముందర ఒక బండి, ఎనక ఒక బండి" అనేవాడు. సామాను ఎక్కించడం నా పని. దాని గురించి రోజూ ఒకటే పాట. "బరువు ముందర పెట్టప్పా. ఎనక బరువైతే కొక్కెం లేస్తాది, బండి తోక ఊపుతాది. అప్పుడది నా మాట ఇనదు."

లేపాక్షి దగ్గర పని ముగిసిన రోజున ఒక రైతు బావిలో తియ్యటి నీళ్లు దొరికాయి. నెలరోజులుగా ఉప్పునీళ్లతో మా నోళ్లు చచ్చిపోయి ఉన్నాయి. అన్న స్నానానికి పోయినప్పుడు ఉన్న క్యాన్లన్నీ నింపేశాను. ముందర పరికరాలున్నాయి. వాటిని జరపడానికి బద్ధకించి క్యాన్లన్నీ వెనక తలుపు దగ్గరే పేర్చాను. మా వైపు మంచినీళ్లు కనబడితే వాటికీ బరువుంటుందని ఎవరికీ తోచదు. ఆలస్యమవుతోందని ఆయన్ను తొందరపెట్టాను కూడా. "బరువు ముందరే పెట్టినావా?" అని అడిగాడు. "ఊఁ" అన్నాను. ఆ రోజు కొక్కెం ఎక్కి చూడలేదు. నా మాట నమ్మాడు.

పెనుకొండ దాటాక ఒక దిగుడులో ట్రెయిలర్ ఊగడం మొదలైంది. పికప్ నడుం పట్టుకుని ఎవరో అటూ ఇటూ విసురుతున్నట్టుంది. "బ్రేక్ కొట్టన్నా!" అని అరిచాను. ఆయన కొట్టలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగును నేరుగా పట్టుకుని, "అరవద్దు, తగ్గుతాది" అన్నాడు. నిజంగానే తగ్గుతూ వచ్చింది. అంతలో ఎదురుగా లారీ. పక్కకు తియ్యక తప్పలేదు. ట్రెయిలర్ చక్రం రోడ్డు అంచు దిగింది, కొక్కెం ఊడింది, గొలుసు తెగింది. మా రేకుల గది ఎండిన వేరుశనగ చేనులో పక్కకు పడిపోయింది. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. పరికరాలు మాత్రం తుక్కు.

అన్న వెళ్లి వెనక తలుపు తీశాడు. క్యాన్లు చూశాడు. నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత ఒక్కొక్కటే మూత తీసి చేనులో పారబోయడం మొదలుపెట్టాడు.

"అన్నా, తాగే నీళ్లన్నా!" అన్నాను, అంత భయంలోనూ.

"సారొచ్చేలోపల ఆరిపోవల్ల. కొత్తగా పెండ్లయినోనివి, నోరు మూసుకోనుండు."

ఖాళీ క్యాన్లను గదిలో ముందువైపుకు విసిరేశాడు. ఆ నేల ఆ నీళ్లన్నీ ఎంత తొందరగా పీల్చేసిందో చెబితే నమ్మరు. సారు వచ్చేసరికి చేను ఎప్పటిలా పొడిగా ఉంది. "స్పీడుగా పోయినా సార్, నాదే తప్పు" అన్నాడు. పక్కనే నిలబడి నేను తల దించుకున్నాను. ఆ వారమే ఆయన్ను తీసేశారు. తాగి నడిపాడని ఎవరో పుట్టించిన మాట ఊరంతా తిరిగింది. నా ఉద్యోగం పర్మనెంటైంది.

తర్వాత ఆయన రాప్తాడులో రోడ్డు పక్కన పంక్చర్ కొట్టు పెట్టుకున్నాడు. వెళ్తే టీ తెప్పించేవాడు. ఆనాటి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఒకసారి గడ్డి వేసుకున్న ట్రాక్టరేదో పోతుంటే, "సూడప్పా, ఎనక..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగిపోయాడు. "టీ తాగు, సల్లారిపోతాది" అన్నాడు. తిట్టినా భరించేవాణ్ణి. ఆ తర్వాత అటు వెళ్లడం తగ్గించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయపడ్డాను.

అన్న పోయిన మూడో రోజున వాళ్లింటికి వెళ్లాను. వదిన నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పప్పా. ఆ దినం బండిలో నువ్వుంటివి. మీ అన్న తాగినాడా?"

నేను నోరు తెరిచేలోపే ఆమే మళ్లీ అంది.

"తాగుబోతు కొడుకని బడిలో అనిరంట మా వాణ్ణి. ఆ పొద్దుటి నుంచి వాడు నాయనతో సరిగా మాట్లాడల్యా. నేను అడిగితే మీ అన్న పోనీలే అంటాండె."

చెప్పాను. క్యాన్లు, వెనక తలుపు, నా "ఊఁ", పారబోసిన నీళ్లు, అన్నీ. ఆమె ఇంట్లోకి తిరిగి గట్టిగా పిలిచింది. "రేయ్, ఈడికి రా." గుండుతో, తెల్లపంచెతో కొడుకు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నా అంత ఎత్తున్నాడు.

"ఇంగోసారి చెప్పప్పా. వీడు ఇనల్ల" అంది.

మొదటినుంచీ మళ్లీ చెప్పాను. అంతా విని అతను ఒక్కటే అడిగాడు.

"అయితే మా నాయన తాగల్యా?"

"తాగల్యా" అన్నాను.

అతను గడప మీద కూలబడి, ఆ బోడితలను రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.