జీలుగు చెట్టు తల నరికిందెవరు?

మా చిన్నప్పుడు మా అయ్య జీలుగు చెట్టు తల ఎవరో నరికేశారు... ఎవరో ఈ రోజుకీ ఊళ్లో ఒక్కరూ చెప్పలేదు. నేను ముసలివాణ్ణయ్యాను. ఆ కోపం మాత్రం ఇంకా ముసలిది కాలేదు.

మాది డుంబ్రిగుడ పక్కన కొండ మీది ఊరు. తాటిలాగే జీలుగూ కల్లిచ్చే చెట్టు; పొద్దున్నే అయ్య ఆ కల్లు దించడానికి వెళ్తుంటే వెనకాల నేను... మొదటి దొప్పెడు కొండ దేవతకు, తర్వాతే మనుషులకు.

ఆ రోజు వెళ్లేసరికి చెట్టు నిలబడే ఉంది... పైన ఏమీ లేదు. నడినెత్తిన చిగురేసే మొవ్వు, ఆకులు, పగిలిన కల్లు కుండ అన్నీ కింద పడి ఉన్నాయి. ఒక్క పిట్ట కూయడం లేదు.

"మళ్లీ సిగురేత్తాదేటి, అయ్యా?" అన్నాను.

"ఎయ్యదురా గుంటడా. మామిడికైతే ఇంకో కొమ్మొత్తాది. దీనికి ఒకటే తల." కుండ పెంకులు ఏరుతూ, "ఇది సెట్టు మీద కోపం కాదు, నా మీద" అన్నాడు.

మనిషి పోయినట్టే ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఆ తర్వాత అయ్య గొడ్డలి లేకుండా గడప దాటలేదు...

నాకు పెద్ద చదువు లేదు. కూడబలుక్కుని చదువుతాను, అంతే. మొన్న మనవరాలు ఇంగ్లీషు పాఠం పైకి చదువుతూ 'బిహెడ్' అంది.

"అంటే ఏటే గుంటా?"

"తల నరికేయడం తాతా. రాజులు సేయించీవోరంట."

"సెట్టుకీ అంటారా?"

"సెట్టుకి తలేటి తాతా!" అని పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. ఆ పనికి విడిగా ఒక మాటే పెట్టుకున్నారంటే ఎన్ని తలలు నరికి ఉంటారో...

నిన్న పొద్దున కాఫీ తోటలో నేను నాటి పెంచిన జీలుగు దగ్గరికి వెళ్లాం, నేనూ మనవరాలూ. మొవ్వు నేల మీద పడి ఉంది. తెగిన చోట ఇంకా తడి ఆరలేదు. పిల్ల తలెత్తి పైకి చూసింది, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తాతా... ఇంటికెళ్లిపోదాం, బేగి రా" అంది. పాఠంలోని మాట దానికి అప్పుడు అర్థమైంది.

అప్పట్లో ఊరంతా ఒకే కుండ చుట్టూ కూర్చునేది. ఇప్పుడు ఎవరి సీసా వారిది, ఎవరి ఫోను వారిది... చీకట్లో కత్తి పట్టుకొచ్చే తీరు ఒక్కటే మారలేదు.

ఇది మనవరాలి చేత ఫోన్లో రాయిస్తున్నాను; మీ కొండల్లోనూ ఇలా జరిగుంటే కింద రాయండి. నరికినవాడు మాత్రం రాయక్కర్లేదు. మా అయ్య నోరు మూసుకుని పోయాడు, నేను మూసుకోను. వచ్చే శుక్రవారం పొద్దు గుంకేలోపు వాడు నా వాకిట్లోకి రావాలి. నా మీద కోపమేమిటో నా మొహం మీద చెప్పాలి.