లేబుల్ కింది ఆరో స్క్రూ

మల్లయ్య గారింటి కంప్యూటర్ సంగతి నాకు మొదట చేరవేసింది పూలమ్మే అనసూయమ్మ. 2009 వేసవిలో ఒక శుక్రవారం పొద్దున, నా పూజకు మూరెడు మల్లెలు కొలుస్తూ చెప్పింది. "మా పక్కింటి మల్లయ్య బిడ్డ రాత్రి సంది ముద్ద ముడతలేదమ్మా. కంప్యూటర్ల ఏందో టిక్కుటిక్కుమంటుందట. మీ దుకాణంకే తోలిస్త, జెర నువ్వే సూడు."

ఆమె దుకాణం అన్నది మా సర్వీస్ సెంటర్‌ను. పటాన్‌చెరు బస్టాండుకు దగ్గర్లో, మేడ మీద రెండు గదులు. అప్పటికి నేను అక్కడ సీనియర్ ఇంజనీర్‌ని. పేరుకు ఇంజనీర్‌నే కానీ కాలేజీ గుమ్మం ఎక్కినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలి జబ్బు వల్ల బడి మాన్పిస్తే, రేడియోలు బాగుచేసే మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు, కరెంటు కొలిచే మీటరు పట్టడం నేర్పారు. ఆ మీటరుతోనే ముప్ఫై ఏళ్లు అన్నం తిన్నాను. భగవంతుడు ఆయన రూపంలో నాకు చేసిన మేలు అది.

మాకు వచ్చే కేసుల్లో సగం చాలా చిన్నవి. వైర్‌లెస్ ప్రింటర్లు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్నాయి. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ "ఆఫ్‌లైన్" అంటుందని మోసుకొచ్చేవారు. కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఆ ప్రింటర్‌కు కొత్త నంబరు ఇస్తుంది. కంప్యూటర్ మాత్రం పాత నంబరు దగ్గరే వెతుకుతూ ఉంటుంది, కిరాయి ఇల్లు మారినవారి ఉత్తరం పాత ఇంటికే వెళ్లినట్టు. ఒకే నంబరు స్థిరంగా ఉండేలా రౌటర్‌లో రాసిపెడితే ఆ గొడవ తీరిపోతుంది. హార్డ్ డిస్కులు అలా కాదు. ప్రింటర్ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు, డిస్కులో ఉన్నది ఏ దుకాణంలోనూ దొరకదు.

పదకొండింటికి తండ్రీకూతుళ్లు కంప్యూటర్‌లోంచి తీసిన డిస్కు ఒక్కటే పట్టుకుని వచ్చారు. మల్లయ్య గారు ఓ మందుల ఫ్యాక్టరీలో ఫిట్టర్, పంపుల మరమ్మతు ఆయన పని. కూతురు సునీత ఎం.ఫార్మసీ ఆఖరి సంవత్సరం. ఎనిమిది నెలల ప్రయోగాల రీడింగులు, వాటి మీద రాసిన థీసిస్ అంతా ఆ డిస్కులోనే ఉన్నాయి. సోమవారం ఇవ్వాలి, తప్పితే ఆరు నెలలు ఆగాలి. రెండో కాపీ ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

మా జాబ్ కార్డులో "తెచ్చేముందు ఏం చేశారు" అని ఒక గడి ఉంటుంది. అందరూ "ఏం చేయలేదు" అనే రాయిస్తారు. మా కౌంటర్ చూసే సాదిక్ భాయ్ అడగకుండానే ఆ ముక్క నింపేసేవారు. సునీత కూడా అదే చెప్పింది, "ఎవరూ ముట్టలేదు మేడం, సప్పుడు రాంగనే బంద్ చేసిన. పెట్టెలకెల్లి తీసి తెచ్చినం, గంతే."

డిస్కు తీసుకుని లోపలి గదివైపు నడిచాను. ముందు దాన్ని మా మిషన్‌కు తగిలించి చప్పుడు వినడం మా పద్ధతి. గడప దగ్గర ఉండగా వెనకనుంచి మల్లయ్య గారు పిలిచారు.

"మేడం, జెర ఆగుండ్రి. నేను ముట్టిన."

సునీత తిరిగి చూసింది.

"బేరింగ్ ఎండినట్టుంది సప్పుడు. మా పంపులు గట్లనే అంటయి. జెర గ్రీజు వెడ్తె అయిపోతది అనుకున్న. పొద్దుగాల బిడ్డ స్నానానికి పోయినప్పుడు అయిదు స్క్రూలు వదులు జేసిన. మూత మాత్రం లేవలే."

"గ్రీజు డబ్బా కూడా తెచ్చినవా చాచా?" అన్నారు సాదిక్ భాయ్. ఎవరూ నవ్వలేదు.

"నాయినా, నీకు ఏమన్న ఎరికనా దాంట్ల ఏముందో," అంది సునీత. గొంతు పెంచలేదు.

ఆ స్క్రూలు నక్షత్రం ఆకారంలో ఉంటాయి, ఇళ్లలో ఉండే స్క్రూడ్రైవర్లకు లొంగవు. ఫిట్టర్ కనుక ఆయన దగ్గర వాటిని తిప్పే పనిముట్లు ఉన్నాయి. ఆరో స్క్రూ మాత్రం లేబుల్ కాగితం కింద ఉంటుంది, ఆయనకు కనబడలేదు. అందుకే మూత లేవలేదు. లేస్తే మా ఊరి ఫ్యాక్టరీల దుమ్ము ఒక్క రేణువు చాలు, చదివే సూది, సమాచారం ఉండే పళ్లెం రెండూ పోతాయి. స్క్రూలు వదులుగా ఉండగా డిస్కుకు కరెంటు ఇచ్చి తిప్పినా ఇంచుమించు అంతే. ఆయన ఆపకపోతే నేను చేసి ఉండేది అదే.

అయిదింటినీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. కళ్లు మూసుకుని ఒక్క క్షణం స్వామిని తలచుకుని, మా మంచి పవర్ సప్లైతో స్విచ్ వేశాను. డిస్కు నిశ్శబ్దంగా తిరిగింది. ముందు థీసిస్, తర్వాత రీడింగులు, చివర మిగిలినవి వేరే డిస్కులోకి దించాను. రెండు గంటలు పట్టింది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, కంప్యూటర్ పెట్టెలో డిస్కుకు కరెంటు అందించే పవర్ సప్లైని కొలిచాను. పన్నెండు వోల్టులు ఉండాల్సిన చోట పదిన్నర చూపించింది. డిస్కు లేవబోయి, బలం చాలక పడుతూ చేసిన చప్పుడది. బేరింగుకు ఏ లోపమూ లేదు. మల్లయ్య గారు మీటరు వైపు చూసి, "అంటే మోటర్ మంచిగనే ఉన్నది, లైనే డల్లున్నది," అన్నారు. అది సరైన నిర్ధారణే. సునీత ఆయనకు చాయ్ తెచ్చి ఇచ్చింది.

సోమవారం ఆమె థీసిస్ ఇచ్చింది.

ఆ తర్వాత జాబ్ కార్డులో ఆ గడిని సాదిక్ భాయ్‌కు వదలకుండా నేనే అడిగి రాయడం మొదలుపెట్టాను. సమాధానం వచ్చేదాకా దేనికీ కరెంటు ఇవ్వలేదు. డిస్కు చప్పుడు చేస్తే చేయవలసింది ఆపేయడం, విప్పకపోవడం, జరిగింది జరిగినట్టు చెప్పడం. మొదటి రెండూ ఎవరైనా నేర్పగలరు. మీ యంత్రం ఎవరికైనా ఇచ్చినప్పుడు, వారు "ముందు మీరేం చేశారు" అని అడిగితే, కన్నబిడ్డ వింటుండగా "నేను ముట్టిన" అన్న మల్లయ్య గారిని ఒక్కసారి తలచుకోండి.