ఉప్పునీళ్ల సవతి

మా ఆయన రిటైరయ్యాక సాయంత్రాలు ఇద్దరం కలిసి కూర్చుని టీ తాగుతామనుకున్నాను. నా ఆశ అంతే. ఉద్యోగాల్లో ఉన్నన్నాళ్లూ ఆయన సర్కారు ఆఫీసు నుంచి ఇంటికొచ్చే వేళకు నేను పత్రికాఫీసుకు బయల్దేరేదాన్ని. హుస్సేనీ ఆలంలో మా గుమ్మం దగ్గర తాళంచెవి చేతులు మారడమే మా కాపురమని మా డెస్కులో వాళ్లు నవ్వేవారు. చివరికి నేనూ పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన ఓ చిన్న గాజుతొట్టి కొనుక్కొచ్చారు.

మామూలు చేపల తొట్టి అయితే ఊరుకునేదాన్ని. ఇది ఉప్పునీళ్లది. సముద్రపు ఉప్పు పొడిని మంచినీళ్లలో కలిపి, ఆ నీళ్లలో సముద్రపు జీవాల్ని పెంచాలి. మా ఇద్దరిదీ కాకినాడే. పెళ్లయిన కొత్తలో బీచికి వెళ్దామంటే ఇసుక చెప్పుల్లోకి వస్తుందని విసుక్కున్న మనిషి, ఇప్పుడు పాతబస్తీలో కూర్చుని బకెట్లో సముద్రాన్ని కలుపుతున్నారు.

తొట్టి పెట్టిన కొద్దిరోజులకే ఆయన మనసు సీ అనెమొని మీదికి పోయింది. పత్తర్‌గట్టి వెనక సందులో అలాంటివి అమ్మే దుకాణానికి నన్నూ తీసుకెళ్లారు. దుకాణం భాయ్ మంచివాడు. "సాబ్, టాంకీ అభీ కచ్చీ హై. దో తీన్ మహీనే ఠైరో" అన్నాడు. తొట్టి ఇంకా పచ్చిగా ఉంది, నీళ్లు కుదురుకోవాలి, ఆగమని. "ఠైర్‌తే భాయ్, ఠైర్‌తే" అన్నారు మా ఆయన. ఆ వారమే దాన్ని నీళ్ల సంచిలో పెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు ఆటోలో ఒళ్లో పట్టుకుని తెచ్చారు.

చూడ్డానికి అది పువ్వే. నిజానికి జంతువు. కాడ ఉండాల్సిన చోట రాయిని పట్టుకునే పాదం, రేకులుండాల్సిన చోట వేళ్లలాంటి చేతులు, వాటి కొసలు చిన్న చిన్న బుడగల్లా ఉబ్బి, లేత గులాబీ రంగులో ఉంటాయి. నీళ్లు కదిలితే ఆ చేతులన్నీ ఒకే వైపు ఒరుగుతాయి. అందంగా ఉందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

ఎదురింట్లో పాల వ్యాపారం చేసే కుటుంబం ఉంది. తాతల నాటి నుంచి వాళ్లది అదే పని. ఆ ఇంటి కోడలు పొద్దున్నే పాలు పోయడానికి వచ్చి తొట్టి ముందు ఆగిపోయింది.

"ఇదేంది అక్కా, పువ్వా పురుగా?"

"జంతువట."

"మరి మొకమేది?"

"మొహం లేదు. నోరొక్కటే."

"అట్లయితే మా అత్త లెక్కనే" అని, వాళ్ల ఇంటి వైపు ఒకసారి చూసుకుని నవ్వింది. ఆయన నీళ్లలో ఉప్పు ఎంతుందో చూసే గాజుగొట్టాన్ని చూసి, "అరే, మేము పాలల్ల పెట్టే లాక్టోమీటర్ లెక్కనే ఉన్నది గదా సార్" అంది. ఆయన మురిసిపోయారు. ఆవిడకు అన్నీ విడమర్చి చెప్పారు. నాకెప్పుడూ అంత వివరంగా ఏదీ చెప్పలేదు.

రొయ్యలు తెస్తే అందులో లేతది దానికి. ఆయనే వలిచి, సన్నగా తరిగి, పొడవాటి పట్టకారుతో దాని చేతుల్లో పెట్టేవారు. ఇన్నేళ్లలో ఆయన నాకోసం ఒక్క రొయ్య వలవలేదు. పొద్దున్నే నాకంటే ముందు దాన్ని "లేచావా?" అని పలకరించేవారు. నా కంటి ఆపరేషన్ రోజు డాక్టరుగారిని, "ఎన్నింటికి పంపించేస్తారు?" అని మాత్రమే అడిగిన మనిషి. ఎండలు ముదిరాక నీళ్లు వేడెక్కుతున్నాయని మా పడకగదిలోని టేబుల్ ఫ్యాన్ తీసుకెళ్లి తొట్టి మీదికి తిప్పి పెట్టారు. నేను తడిగుడ్డ మెడ మీద వేసుకుని పడుకున్నాను.

"సవతిని దెచ్చిండు సార్" అంది ఎదురింటావిడ. నవ్వడానికే అంది. నాకు నవ్వు రాలేదు.

అప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. కాకినాడలో కొత్త ఇల్లు, వైశాఖంలో గృహప్రవేశం. "పాలు నువ్వే పొంగించాలి అక్కా. బావగారితో రా. మీ ఇద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి బట్టలు పెడతాం." ఆడపడుచు ఒక్కతే వెళ్తే మావైపు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రతి పెద్దావిడా చెయ్యి పట్టుకుని, "మీ ఆయన రాలేదేమే?" అంటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆఫీసు మీదికి నెట్టాను. ఇప్పుడేం చెప్పను? మొహం లేని జంతువును వదిలి రాలేకపోయారనా?

టికెట్లు తీశాం. వాటిని చూసిన ప్రతిసారీ ఆయన, "చూద్దాం, దాని పరిస్థితిని బట్టి" అనేవారు. దాని పరిస్థితి నానాటికీ దిగజారింది. చేతులు ముడుచుకుంది. కొసల్లో బుడగలు పోయాయి. రాయి వదిలి ఒక మూలకు జరిగింది, మళ్లీ ఇంకో మూలకు. నోరు తెరుచుకుని వాడిన వంకాయలా తయారైంది. తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఆయన బకెట్లో ఉప్పు కలిపి, గొట్టం ముంచి, కొలత సరిగ్గా వచ్చాక పోసేవారు. ఆఫీసులో లెక్క తప్పని మనిషి కదా, బకెట్ కొలత ఒక్కసారీ తప్పలేదు.

ఒక సాయంత్రం పులుసు పొయ్యి మీద పెట్టి ఫోన్లో మాటల్లో పడ్డాను. వచ్చి చూసేసరికి సగానికి ఇగిరిపోయింది. మరిగి ఇగిరితే ఉప్పెక్కుతుంది కనుక వేణ్నీళ్లు పోస్తున్నాను. హాల్లోంచి ఆయన, "ఆ ఉప్పు ప్యాకెట్ ఇలా అందివ్వు" అన్నారు. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయని మా అమ్మ చెప్పిన మాట ఇప్పటికీ దాటను. ప్యాకెట్ తెచ్చి ఆయన పక్కన నేల మీద పెట్టాను. ఫ్యాన్ తొట్టి మీద హోరున తిరుగుతోంది. గాజు అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఆయన మళ్లీ బకెట్లో ఉప్పు కలుపుతున్నారు.

అక్కడే నిలబడిపోయాను. నీళ్లే ఆవిరవుతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది? తగ్గినచోట మంచినీళ్లు పోయాలి. ఈయన ఉప్పు మీద ఉప్పు పోస్తున్నారు. కొలిచిందంతా బకెట్లో, తొట్టిలో ముంచి చూసింది లేదు. జన్మలో పులుసు పెట్టని మనిషికి తప్ప ఈ పొరపాటు రాదు.

వంటింట్లోకి వెళ్లి పులుసు కలిపాను. నోరు విప్పకపోతే అది ఎక్కువ రోజులు బతకదు. టికెట్లు ఉండనే ఉన్నాయి. ఫ్యాన్ పడకగదికి వస్తుంది. గరిటె తిప్పుతూ ఇదంతా చాలా ప్రశాంతంగా ఆలోచించాను.

ఇంతలో ఆయన వచ్చి గడప మీద కూర్చున్నారు. "పోతుందేమోనే" అన్నారు. ఆ మొహం నేనెన్నడూ చూడలేదు. నాకోసం ఎన్నడూ అలా పెట్టలేదు. నాకు దాని మీద జాలి కలగలేదు. భయం వేసింది. బతికి ఉన్నదానితో పోట్లాడగలను. చచ్చిపోతే ఆయన దాన్ని జీవితాంతం తలుచుకుంటారు, నేను పక్కన కూర్చుని వినాలి. చచ్చిన సవతిని ఎవరూ గెలవలేరు.

"నేనొకటి చెప్తే కాకినాడ వస్తారా?" అన్నాను.

"ఇప్పుడు కాకినాడ గొడవేంటి?"

"వస్తారా, రారా?"

"అది బాగైతే వస్తాను."

"అలా కాదు. చెప్తే వస్తారా?"

"సరే తల్లీ, వస్తాను. చెప్పు."

పులుసు గిన్నె చూపించి చెప్పాను. లేచి పరుగున వెళ్లి గొట్టం తొట్టిలోనే ముంచారు. అది ఉండాల్సిన గీత కంటే బాగా పైకి తేలింది. ఆ మర్నాటి నుంచి రోజూ కొంచెం నీళ్లు తీసి, కొంచెం మంచినీళ్లు పోశారు. ఒక్కసారిగా మారిస్తే అదీ ప్రమాదమేనట. అందుకే ప్రయాణం రోజుకు పని ఇంకా మిగిలే ఉంది. మాట తప్పుతారేమోనని ఆయన్నే గమనిస్తున్నాను. ఆయన తొట్టినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు.

"మీరు పోయి రాండ్రి సార్, నేను చూస్త" అంది ఎదురింటావిడ. "నీళ్లు కలుపుడు మాకు నేర్పాల్నా? ఫికర్ జెయ్యకుండ్రి."

ఆయన వచ్చారు. రైల్లో నా పక్కనే కూర్చుని, వీడియో కాల్‌లో ఆవిడకు నీళ్లు ఎలా పోయాలో చెబుతూ వచ్చారు. కాకినాడలో నేను పాలు పొంగించాను. పెద్దావిడలందరూ ఆయన్ని చూశారు, ఎవరూ ఏమీ అడగలేదు. కావలసింది దొరికింది. వరండాలో తమ్ముడి భార్య పీటలు వేస్తుండగా ఆయన ఫోన్ మోగింది.

తెర మీద అది విచ్చుకుంది. చేతులన్నీ సాగి, కొసలన్నీ నిండుగా ఉబ్బి, గులాబీ రంగుతో. "చూసిండ్రా సార్, ఎంత ముద్దుగున్నదో!" అంటోంది ఎదురింటావిడ. ఆయన కళ్లు తడిశాయి. "ఆవిడ చెయ్యి మంచిది" అన్నారు.

చెయ్యి మంచిదా? ఉప్పు సంగతి కనిపెట్టింది ఎవరు? నేను ఇంట్లో ఉండగా వాడిపోయి ముడుచుకుని కూర్చుని, నేను ఊరు దాటగానే ఇంకొకరి ముందు విచ్చుకుంటుందా? ఫోన్ లాక్కున్నాను.

"పొద్దున ఎన్ని నీళ్లు పోశావ్?"

"సార్ చెప్పినంతనే అక్కా."

"గొట్టం పెట్టి చూశావా? తొట్టిలో? బకెట్లో కాదు. ఏదీ, ఫోన్ దగ్గరికి పెట్టు. ఇంకా దగ్గరికి. ఆ ఎడమ పక్క ముడుచుకున్నట్టుందేంటి?"

"యాడ ముడుసుకున్నదక్కా, మంచిగనే ఉన్నది!"

తమ్ముడు రెండుసార్లు పిలిచాడట, నాకు వినపడలేదు. మా ఆయనే మోచెయ్యి పట్టుకుని నన్ను పీటల దగ్గరికి నడిపించారు.