గూట్లో వదలని గుడ్డు

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. నీకు చెప్తున్నాను. తిట్టుకుంటావో ఊరుకుంటావో నీ ఇష్టం.

గోదావరిఖనిలో మా క్వార్టర్ పక్కన లచ్చక్క ఉండేది. భర్త పోయాక టర్కీ కోళ్లే ఆమె బతుకు. పొద్దెక్కి గుడ్లు పెట్టేదాకా వాటిని కొట్టం దాటనిచ్చేది కాదు. ఒక పెట్ట మాత్రం గోడ ఎగిరి, మా పెరటి వెనక కంపచెట్ల కింద దొంగగూడు చేసుకుంది. అది లచ్చక్కకు తెలియదు. నాకు తెలుసు. పెట్ట లేచి వెళ్లగానే గుడ్లు తెచ్చుకునేదాన్ని, ఒక్కటి వదిలేసి. ఒక్కటి కనబడితేనే పెట్ట మళ్లీ అక్కడికి వస్తుంది, ఖాళీ చేస్తే చోటు మారుస్తుంది. ఈ సంగతి నాకు నేర్పింది కూడా లచ్చక్కే. ఛీ, ఏం మనిషిని నేను!

ఒకరోజు చుట్టాలొచ్చారు. ఆ ఒక్కటీ తీసేశాను. ఎందుకు తీశాను? అది లేకపోతే వాళ్లు పస్తుండేవాళ్లా?

ఆ తర్వాత పెట్ట కంచె దూరి పాత గని మీది నేలకు పోసాగింది. కింద బొగ్గు తీసేసిన నేల అది. వానకు కుంగేది, పగుళ్లలోంచి పొగ లేచేది. మేకలు కూడా అటు పోవు.

లచ్చక్క గోడ దగ్గరికొచ్చింది.

"చెల్లె, నా పెట్ట ఇన్ని దినాలు యాడ పెట్టిందో నీకు ఎర్కనా? గిప్పుడు కంచె దిక్కు పోతున్నది. ఎన్క పోయి చూసొస్త."

"నాకేం ఎర్క అక్కా," అన్నాను.

పాత గూడు ఇక్కడే ఉంది, అందులో ఒక గుడ్డు పెడితే పెట్ట తిరిగొస్తుంది, నువ్వు అటు పోకు అంటే సరిపోయేది. కానీ అలా అంటే నేను దొంగనని తేలుతుంది, ఆ సిగ్గుకే అబద్ధమాడాను. ఆమె కొంగు బిగించి కంచె కిందుగా దూరుతుంటే చూస్తూ నిలబడ్డాను.

పెద్ద చప్పుడేం రాలేదు. మట్టి బస్తా జారినట్టు, అంతే.

జనం తాళ్లు వేసి, కుంగిన గుంతలోంచి ఆమెను పైకి తీసేసరికి ప్రాణం లేదు. పెట్ట మాత్రం సాయంత్రం నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

"పాడు పెట్ట, మనిషిని మింగింది," అన్నారు అందరూ. నేనూ అన్నాను. కోసేద్దామంటే, లోపలికెళ్లి కత్తి తెచ్చిచ్చింది నేనే.

ఇది లచ్చక్కకు చెప్పాల్సిన మాట. ఆమె లేదు, నీకు చెప్పాను. ముల్లు కాస్త కదిలింది. ఆ గూడు ఖాళీ చేసింది నేను. పెట్ట కాదు.